మా అత్త చూసిన తిమింగలం

మా అత్తవారి ఊళ్ళో అబద్ధానికి ఇంకో పేరు తిమింగలం. ఎవడైనా వలలో పడ్డ నాలుగు వంజరాలను నలభై చేసి చెబితే, "ఒరే, తిమింగలాలు సెప్పకు" అంటారు. బడి ఎగ్గొట్టడానికి పిల్లలు కడుపునొప్పి అంటే, "నొప్పా, తిమింగలమా?" అని అడుగుతారు. ఈ ఊరికి కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్ళు మొదట తెల్లబోతారు. ఏడాది తిరక్కుండానే వాళ్ళూ అదే మాట వాడతారు. ఈ మాట ఊరికి దొరికింది మా అత్త పుణ్యాన. ఆవిడ ఇష్టపడి ఇచ్చింది మాత్రం కాదు.

సంగతి ఇదీ. అత్తకి పెళ్ళై వచ్చిన తొలి ఎండాకాలం. పొద్దున్నే ఒడ్డున ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. కాకుల్ని తోలుదామని తలెత్తితే, అలలు విరిగే చోటుకి కాస్త అవతల నీళ్ళలోంచి నల్లటి వీపొకటి లేచింది. లేస్తూనే ఉందట, ఎంతకీ అయిపోలేదట. నెత్తిమీంచి బుస్సుమని నీళ్ళ పొగ చిమ్మింది. దాని పక్కనే అదే రకం వీపు ఇంకోటి, చిన్నది. అదీ బుస్సుమంది, తన సైజుకి తగ్గట్టు. అత్త నెత్తళ్ళ గంప అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తింది. ఆ రోజు గంగమ్మకి మొక్కులని ఎవరూ వేటకి వెళ్ళలేదు, మగవాళ్ళంతా పందిరి కింద పేకాటలో ఉన్నారు. చేతిలో ఉన్న ఆట పూర్తిచేసి, లుంగీలు ఎగ్గట్టుకుని వాళ్ళు వచ్చేసరికి సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. నెత్తళ్ళు కాకులు తినేశాయి.

అందరికన్నా ముందు నవ్వింది మావ. అప్పటికి కొత్త పెళ్ళికొడుకు. పెళ్ళాం మాట వెనకేసుకొస్తే నలుగురూ ఏమంటారోనని భయం. "నడక నేర్సిన కాణ్ణుంచి గంగ మీదున్నోణ్ణి. నాకు అగుపడనిది, నెత్తళ్ళు ఎండబెట్టుకునే దీనికి అగుపడినాదట! అదీ పిల్లతోటి!" అన్నాడు. మొగుడే నవ్వాక ఊరికి అడ్డేముంది? ఆ పూట నుంచి మా అత్త తిమింగలమ్మ అయిపోయింది.

ఇది నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకసారి అత్తకి నిజంగానే కడుపులో పోటు వచ్చింది. రెండు రోజులు మెలికలు తిరిగింది. "ఓలమ్మ, పోటు తట్టుకోనేకపోతన్నాను" అంటే, మావ వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా "తిమింగలమేనా?" అన్నాడు. మూడో రోజుకి స్పృహ తప్పితే ఆటోలో వేసుకుని శ్రీకాకుళం పరిగెత్తారు. కడుపులో పేగు పగలడానికి సిద్ధంగా ఉందని డాక్టరు అందర్నీ కలిపి తిట్టాడు. ఆ కోత గుర్తు ఇప్పటికీ ఉంది. అత్త దాన్ని నాకు చూపించినప్పుడల్లా, "ఇదిగో, తిమింగలం కరిసినాది" అంటుంది. నవ్వుతూనే అంటుంది, కానీ ఆ నవ్వు నాకు నచ్చదు.

నా సంగతి కూడా చెప్పాలి. మాది బాప్టిస్టు కుటుంబం. నరసన్నపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆయనకి అక్కడే సెల్‌ఫోన్ల కొట్టుంది. పడవెక్కితే వాంతి చేసుకునే జాలరి కొడుకు మా ఆయన. ఆ చరిత్ర ఊళ్ళో ఇంకో పెద్ద జోకు. మా చర్చిలో ప్రార్థన మొదలైతే ఆమెన్ దాకా అందరూ కళ్ళు మూసుకోవాలి. నాకు చిన్నప్పటినుంచీ ఆ ఒక్కటీ చేతకాలేదు. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడే కదా చూడ్డానికి బోలెడుంటుంది! సంఘపెద్దగారు నిలబడే కునుకు తీస్తారనీ, గాయక బృందంలో ఒకావిడ ఆ సందులో పక్కావిడ గొలుసు మోడల్ చూసుకుంటుందనీ నాకు ఎనిమిదో క్లాసుకే తెలుసు. మా అమ్మ నా తొడ మీద ఎన్ని గిల్లుళ్ళు గిల్లినా దేవుడి ముందు నా కళ్ళు మూతపడలేదు.

మా పెళ్ళి కూడా చర్చిలోనే జరిగింది. పాస్టరుగారు సుదీర్ఘంగా ప్రార్థిస్తున్నారు. నేను అలవాటు ప్రకారం ఒక కన్ను తెరిచి చూస్తే, మొదటి వరసలో పసుపచ్చ పట్టుచీరలో ఒకావిడ రెండు కళ్ళూ పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది. ఆవిడే మా అత్త. ఇద్దరం దొరికిపోయాం. ఆవిడ కన్ను కొట్టింది. తరవాత భోజనాల దగ్గర నా పక్కన కూచుని, "ఆయన అంత సేపు ఏటడిగినాడే పిల్లా దేవుణ్ణి?" అని చెవిలో అడిగింది. అప్పటినుంచీ మా ఇద్దరికీ కుదిరింది. సెలవులిస్తే చాలు, నేను పుట్టింటికి కాకుండా అత్తవారింటికి పోతానని మా అమ్మకి ఇప్పటికీ కోపం.

పోయిన చలికాలం పొరుగూరి ఒడ్డుకి ఒక తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా తీసుకెళ్ళారు. గంగమ్మ తల్లి ఇంటి ఆడపడుచు కదా, చీర పెట్టకుండా సాగనంపకూడదు. చీర మీద చీర ముడేసినా ఆ ఒళ్ళు కప్పలేక, ఆఖరికి టెంట్‌హౌస్ నుంచి షామియానా గుడ్డ తెచ్చి పరిచారు. టౌన్ల నుంచి వచ్చినవాళ్ళు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని దాని పక్కన సెల్ఫీలు దిగారు. ముక్కు మూసుకున్నా పళ్ళు కనిపించాలని కర్చీఫ్ తీసి, దిగి, మళ్ళీ కట్టుకున్నవాళ్ళని నేనే చూశాను. జేసీబీతో గొయ్యి తవ్వి పూడ్చారు. మా అత్త మాత్రం వెళ్ళలేదు. "సచ్చినదాన్ని సూసి ఏటి సేస్తాను? అది నా కోసం వచ్చిందేటి?" అంది.

ఇక తిమింగలాలు ఉన్నాయని ఊరు ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్నారు కూడా. కానీ మా ఊరి టీ బడ్డీ దగ్గర కూచునే పెద్దమనుషులు తమ తీర్పు ఊరికే మార్చుకునే రకం కాదు. "అది ఎక్కడో పెద్ద సముద్రంలో సచ్చి, కొట్టుకొచ్చినాది. బతికున్నది, పిల్లతోటి, మన ఒడ్డు పక్కన ఆడుకుంటాదేటి? అది మాత్రం తిమింగలమే" అని తేల్చేశారు. అత్త ఆ బడ్డీ ముందే నిలబడి, "ముఖలింగేశ్వరుడి మీద ఒట్టు. ఈ ఎండాకాలం దాన్ని సూపించకపోతే నా పేరు మార్సీయండి" అంది. ఆల్రెడీ మార్చేశాం కదా అని ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. మావ కూడా నవ్వాడు.

అందుకని ఈ ఎండాకాలం సెలవుల్లో నాకు పడ్డ డ్యూటీ తిమింగలాల కాపలా. తెల్లారగానే అత్త నన్ను లేపి, చద్దన్నం మూట, మజ్జిగ సీసా పట్టుకుని సరుగుడు తోట అంచున ఉన్న ఇసక దిబ్బ మీదకి తీసుకుపోయేది. ఎండ నెత్తికెక్కే దాకా ఇద్దరం గొడుగు కింద కూచుని సముద్రం వైపు చూడ్డం. వేసవిలో రెండు నెలలు సర్కారు వేట బంద్ పెడుతుంది. ఇంజను పడవలన్నీ ఒడ్డుకెక్కి పడుకుంటాయి. చప్పుడుండదు. "అందికే దగ్గరికి వస్తాయి. నీకైనా నాకైనా గోల లేకపోతేనే కదా నిద్దరపడతాది" అని అత్త లాజిక్కు.

తిమింగలం రాలేదు గానీ, మిగతా చుట్టాలంతా వరసగా వచ్చారు. మొదట తాబేళ్ళ పిల్లలు. అటవీ శాఖ వాళ్ళు వల కట్టి గుడ్లు కాపాడిన చోట ఒక పొద్దున్న ఇసక కదిలింది. అరచేతిలో పట్టే నల్లటి పిల్లలు, బస్టాండులో సీటు కోసం ఎగబడ్డట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కి సముద్రం వైపు పాక్కుంటూ పోయాయి. ఒకటి మాత్రం తలకాయ వెనక్కి తిప్పి ఊరి వైపు నడిచింది. అత్త దాన్ని ఎత్తి నీళ్ళ వైపు తిప్పి, "అటు ఏటున్నాదే నీకు? టీ బడ్డీయా?" అంది. తరవాత డాల్ఫిన్లు. ఇవి దాదాపు రోజూ వచ్చేవి, మూడూ నాలుగూ కలిసి, గెంతులేసుకుంటూ. మొదటి రోజు నేను ఎగిరి గంతేశాను. వారం తిరిగేసరికి, "మళ్ళీ అవేనా?" అనే స్థాయికి వచ్చాను. అత్తకి అవంటే మొదటినుంచీ చిన్నచూపు. పిలవని పేరంటానికొచ్చి అల్లరి చేసే రకం అంటుంది. ఇంకా ఒడ్డుకి పడ్డ నీటిపాము, గాజుపెంకుల్లా మెరిసే జెల్లీచేపలు, ఎర్ర పీతలు. ఒకరోజు అత్త నా భుజం విరిగేలా పట్టుకుని "అదిగో!" అంది. నల్లగా, పెద్దగా, నీళ్ళ మీద ఊగుతూ వస్తోంది. నేనూ లేచి నిలబడ్డాను. దగ్గరకొచ్చాక చూస్తే ఎవరిదో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు.

ఆ ట్యాంకు నాడే అత్త నన్ను సూటిగా అడిగింది. "ఒసే పిల్లా, నువ్వు నమ్మతన్నావా నన్ను?"

"ఉండే ఉంటాది అత్తా" అన్నాను.

"ఉండే ఉంటాది అంటే నమ్మనట్టే" అంది. మజ్జిగ సీసా మూత బిగించి, దిబ్బ దిగిపోయింది. నాకు నా మీదే ఒళ్ళుమండింది. నిజానికి నేను సగమే నమ్మాను. సగం నమ్మినవాళ్ళు అత్తకి అక్కర్లేదు, అలాంటివాళ్ళు ఊరినిండా ఉన్నారు.

ఆ సాయంత్రం అత్త ఊరు గతుక్కుమనే కోరిక కోరింది. పడవెక్కుతానంది. ఒడ్డున కూచుంటే కాదు, అది ఉన్న చోటికే పోయి చూస్తానంది. మా ఊళ్ళో ఆడది వేట పడవలో కాలు పెట్టకూడదు. పెడితే వల ఎండిపోతుందని నమ్మకం. చేపలు మోసేది, ఎండబెట్టేది, తట్ట నెత్తిన పెట్టుకుని సంతలో అమ్మేది ఆడది. పడవ మాత్రం అంటరాదు. జాలరి కూతురై, జాలరి పెళ్ళామై, మా అత్త ఆ వయసు దాకా సముద్రం మీద కూచోలేదు.

మావ చెవులు మూసుకున్నాడు. అత్త వదల్లేదు. "వేట లేనప్పుడు అది పడవేటి? సెక్క. సెక్క మీద కూకుంటే గంగమ్మకి కోపమేటి? అమ్మకి ఆడోళ్ళంటే కోపమైతే తను ఆడదై ఎందుకు పుట్టినాది?" ఈ మూడో ప్రశ్న దగ్గర మావ బీడీ వెలిగించాడు. అది అయిపోయాక ఒక షరతు పెట్టాడు. "సరే, ఎల్దాం. ఇంజను లేని పడవ, తెడ్లు ఏసుకుని ఎల్దాం. కానీ అక్కడ ఏటీ నేదని తేలితే, ఇంక బతికినంత కాలం తిమింగలం ఊసెత్తకూడదు నువ్వు."

అత్త నా వైపు చూసింది. తరవాత ఆయన వైపు చూసి, "ఎత్తను" అంది. ఇన్నేళ్ళు ఊరంతా నవ్వినా ఆవిడ వదలని మాట తిమింగలం. దాన్ని ఒక్క పూట ప్రయాణం మీద పెట్టేసింది.

తెడ్డు వెయ్యడానికి మావకి జతగాడొకడు కావాలి. ఆయన నేస్తమే ఒకాయన వచ్చాడు. ఈయన కుర్రతనంలో నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేశాడు. ఆ మిషన్ల మోతలో చెవులు సగం పోయాయి, గొంతు మాత్రం రెండింతలయింది. "ఉప్పు అందుకో" అని ఇంట్లో అడిగితే వీధి చివర వాళ్ళు ఉప్పు తెస్తారు. బయల్దేరే ముందు ఆయన నాకు కేకేసి మరీ నేర్పిన పద్ధతి ఒకటుంది. "ఇదిగో అమ్మీ, ఇను! గంగ మీద పడవ కన్నా పెద్దది ఏది నెగిసినా, తెడ్డు ఆపీసి, కళ్ళు మూసుకుని, దండం ఎట్టాల! అది ఎల్లిపోయేదాక తెరవకూడదు! సూస్తే కన్ను పోతాది!"

"మరి మీకెప్పుడైనా ఎదురుపడిందా?" అని అడిగాను.

"ఓ, సానాసార్లు!"

"ఎలా ఉంటాది?"

జతగాడు మావ వైపు చూశాడు. మావ సముద్రం వైపు చూశాడు. "ఎలగుంటాదేటి? పెద్దగుంటాది" అన్నాడు మావ.

నేను నోరు మూసుకున్నాను గానీ, లోపల నవ్వు ఆగలేదు. ఈ ఊరి మగాళ్ళంతా తిమింగలాన్ని కలిశారు, ఒక్కడూ చూడలేదు. చూసిన ఒక్క మనిషినీ అబద్ధాలకోరని ముద్రేశారు. మా చర్చిలో అయితే కనీసం ఆమెన్ అన్నాక కళ్ళు తెరుస్తారు.

నా ఫోను తడిసిపోతుందని అత్త దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి, వల కట్టే దారంతో వల కట్టే ముళ్ళే వేసి ఇచ్చింది. నేను మెళ్ళో వేసుకున్నాను. ఊళ్ళో సగం మంది ఒడ్డుకొచ్చి నవ్వుతూ సాగనంపారు. మా ఆయన కూడా వచ్చి, నీళ్ళకి దూరంగా నిలబడి చెయ్యూపాడు.

అలలు విరిగే చోటు దాటేసరికి నాకు కడుపులోది గొంతులోకొచ్చింది. అత్తకి ఏమీ కాలేదు. పడవ ముందు పలక మీద, కొంగు నడుముకి బిగించి, కొత్త బస్సులో ముందు సీటు దొరికినట్టు కూచుంది. కాస్త లోపలికి పోయాక వెనక్కి తిరిగి ఊరిని చూసింది. సరుగుడు తోట, నీళ్ళ ట్యాంకు, రంగులేసిన డాబాలు నాలుగు, గుడి గోపురం. అన్నీ కలిపి అరచేత్తో కప్పేయొచ్చు.

"మన ఊరు ఇంత సిన్నదేటి?" అంది.

"దూరం కదే" అన్నాడు మావ.

"ఇంత సిన్న ఊరికా నాను ఇన్నాళ్ళూ భయపడినాను?" అని తనలో తాను అనుకుని, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది. మావ తెడ్డు ఒక వేటు తప్పింది.

చాలాసేపు తిరిగాం. డాల్ఫిన్లు వచ్చి పలకరించి పోయాయి. ఒక తాబేలు తలెత్తి, మమ్మల్ని చూసి, నచ్చక మునిగింది. ఆ తరవాత ఏమీ లేదు. ఎండ ముదిరింది. నీళ్ళ మీద వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోంది. నేను ఉన్న మజ్జిగంతా తాగి, తాగినదంతా సముద్రానికి సమర్పించుకున్నాను. జతగాడు "ఇంక సాలు! తిరుగుదాం!" అని అరిచాడు. మావ అత్త వైపు చూశాడు. ఆవిడ కొంగు తల మీదుగా లాక్కుంది. మావ పడవ తిప్పాడు. ఆయన గెలిచాడు, కానీ మొహంలో గెలిచిన కళ లేదు. ఆవిడ తిడితే బాగుండును అన్నట్టు రెండుసార్లు దగ్గాడు.

ముందు వాసన వచ్చింది. కుళ్ళిన కవళ్ళ చేపల వాసన, వెచ్చగా. నేనే మళ్ళీ వాంతి చేసుకున్నానేమో అనుకున్నాను. అప్పుడు మా ఎడమ పక్కన, అంత దూరం కూడా లేదు, నీళ్ళు నల్లబడ్డాయి. లారీ టైరులోంచి గాలి ఒక్కసారిగా వదిలినట్టు పెద్ద చప్పుడు.

"కళ్ళు మూసుకోండి!" అని అరిచాడు మావ. జతగాడు తెడ్డు వదిలేసి పలక మీద బోర్లా పడి "అమ్మా, తల్లీ" అంటున్నాడు. మావ ఒక్క గెంతులో ముందు పలక దగ్గరికి పోయాడు. వెనకనుంచి అత్తని గుండెకి అదుముకుని, తన కళ్ళు గట్టిగా మూసుకుని, కుడి అరచెయ్యి అత్త కళ్ళ మీద పెట్టేశాడు. ఆవిడ కళ్ళు మూసుకోదని ఆయనకి తెలుసు. మా పెళ్ళిలోనే తెలుసు.

"ఒగ్గు! ఒగ్గీ మనిషీ, ఒగ్గు!" అత్త ఆ చేతిని రక్కుతోంది. ఆయన వదల్లేదు. "సూస్తే కన్ను పోతాదే, ఒద్దే, ఒద్దు" అంటున్నాడు. గంగమ్మకి దండాలు పెడుతున్నాడు, పెళ్ళాన్ని బతిమాలుతున్నాడు, రెండూ ఒకే ఊపిరిలో.

నేను చూశాను. చిన్నప్పటి పాపం ఆ రోజుకి పనికొచ్చింది. వీపు లేస్తూనే ఉంది, ఎంతకీ అయిపోలేదు. అత్త చెప్పిన మాటే అది, ఆ మాట కన్నా బాగా నాకు చెప్పడం రాదు. చివర్లో ఎక్కడో చిన్న రెక్క. అది మునుగుతుండగా దాని అవతల పక్కనుంచి ఇంకో వీపు, మా పడవలో సగం, నున్నగా. అదీ బుస్సుమంది, తన సైజుకి తగ్గట్టు. నాకు ఏడుపొచ్చేసింది. భయమేసి కాదు. చూడాల్సిన మనిషి పక్కనే ఉండి చూడలేకపోతోందని. మావ చెయ్యి పీకి పారేద్దామనుకున్నాను. కానీ పడవ ఊగుతుంటే నా రెండు చేతులూ పలకకి అతుక్కుపోయాయి. ఫోను మెళ్ళో వేలాడుతూనే ఉంది, అత్త వేసిన ముళ్ళతో సహా.

నీళ్ళు సర్దుకున్నాక మావ చెయ్యి తీశాడు. అత్త చూసింది. సముద్రం ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.

"రెండు, అత్తా. పిల్ల కూడా ఉంది" అన్నాను. జతగాడికి వినపడక, మళ్ళీ గట్టిగా చెప్పాను. అత్త తల ఊపింది. మావా, జతగాడూ మళ్ళీ తెడ్లు అందుకున్నారు. మావ మణికట్టు మీద గోళ్ళ గీతల్లోంచి నెత్తురు కారుతోంది, ఆయన తుడుచుకోలేదు.

పడవ ఇసకకి తగలగానే జతగాడు మిల్లు గొంతుతో ఊరంతటికీ చాటేశాడు. "పెద్దది నెగిసినాది! కోడలు సూసినాదట! పిల్ల కూడా ఉన్నాదట!" అందరూ టీ బడ్డీ దగ్గర మూగారు. వీడియో ఏదన్నారు. కవరు చూపించాను. ఇంకేముంది, నవ్వులు.

"అత్త పోలికలొచ్చేసినాయి కోడలికి!"

"ఇంక ఆ ఇంట్లో రెండు తిమింగలాలు!"

నేను అరిచాను. ఎలా లేచిందో, ఎలా ఊపిరి వదిలిందో చేతులు ఊపి చెప్పాను. ఎంత ఎక్కువ చెబితే అంత నవ్వారు. అత్తకి ఇన్నేళ్ళు ఎలా ఉండి ఉంటుందో నాకు ఆ కాసేపట్లో బాగా తెలిసొచ్చింది. ఆఖరికి బడ్డీ పెద్దమనిషొకడు చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "కోడలి సంగతి ఒగ్గీయండి. ఏమ్మా, నువ్వు సెప్పు. నువ్వు సూసినావా?"

అందరూ అత్త వైపు తిరిగారు. 'సూసినాను' అంటే చాలు. నేను పక్కనే ఉన్నాను, ఒట్టేస్తాను. పందెం గెలిచినట్టే. కాదనడానికి ఆ పడవలో కళ్ళు తెరిచినవాళ్ళు ఇంకెవరూ లేరు. అను అత్తా, అను, అని నేను లోపల కొట్టుకుంటున్నాను.

"నేదు. నాను సూడనేదు" అంది అత్త. "కోడలు సూసినాది. నాకు ఈసారి అగుపడనేదు."

ఎవరో ఈల వేశారు. "తేలిపోనాది! ఇంక ఊసెత్తకూడదు!" అన్నారు. అత్త కొంగు దులుపుకుని ఇంటివైపు తిరిగింది.

"ఆగవే" అన్నాడు మావ.

ఆయన బడ్డీ బల్ల మీద కూచుని ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు చల్లారిపోయింది. పైకి చూడకుండా, ఆ గ్లాసుకే చెబుతున్నట్టు చెప్పాడు. "నాను కళ్ళు మూసుకున్నాను. సెవులు మూసుకోనేదు. రెండు ఊపిరులు ఇన్నాను. ఒకటి పెద్దది. దాని ఎనక ఒకటి, సిన్నది." అత్త వైపు గడ్డం ఎత్తాడు. "ఇది సెప్పినట్టే ఉన్నాది. మొదట్నుంచీ ఇది సెప్పినట్టే."

ఎవరూ నవ్వలేదు. మావ మాట ఆ బడ్డీలో ఎవరూ తీసిపారెయ్యరు. జతగాడు మాత్రం "ఏటన్నాడు? ఏటన్నాడు?" అని పక్కవాళ్ళని పొడుస్తున్నాడు. ఇందాక చూశానని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయే చోట ఆడని మనిషి, ఆ మొదటిసారి మాత్రం ఎందుకు ఆడుతుంది అని ఎవరో మెల్లగా అన్నారు. ఆ మాట అన్నది ఇందాక ఈల వేసినవాడే. నేను వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు.

అత్త మావ ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. "ఇన్నాళ్ళకి నీకు సెవులొచ్చినాయి. కళ్ళెప్పుడొస్తాయో" అంది. ఆయన నెత్తురు మణికట్టు పట్టుకుని చూసి, "రా, పసుపెడతాను" అని లాక్కుపోయింది.

ఊరు ఆ మాటని మానుకుందా అంటే మానుకోలేదు. అబద్ధాన్ని ఇప్పటికీ తిమింగలమే అంటారు. నోటికి అలవాటైన మాట అంత తేలిగ్గా పోతుందా? కాకపోతే అత్త ఎదురుగా అనరు, అనేసినా నాలిక్కరుచుకుంటారు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఇంట్లో ఇద్దరూ లేరు. దిబ్బ దగ్గరికి పోయాను. నా చోట మావ కూచుని ఉన్నాడు, గొడుగు పట్టుకుని, బడికి కొత్తగా చేర్చిన పిల్లాడిలా బిగుసుకుని. మణికట్టుకి పసుపు కట్టు. పక్కన అత్త, ఒళ్ళో చద్దన్నం మూట. నేను కాస్త వెనక్కి ఆగిపోయాను.

ఎక్కడో దూరంగా నీళ్ళు కదిలాయి. డాల్ఫిన్లో, ఇంకేవో నాకు తెలీదు. మావ గొడుగు వదిలేశాడు. ఆయన రెండు చేతులూ వాటంతటవే లేచి దగ్గరికొస్తున్నాయి, కళ్ళు మూతపడుతున్నాయి. అత్త ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

"దండం తరవాత ఎట్టుదువుగాని. ముందు సూడు."